పట్టము దేనికి ప్రమాణము?

తిరుచానూరు చెంత ప్రవహించి, శ్రీకాళహస్తిని దాటి వచ్చు స్వర్ణముఖీ నది సముద్రమున గలియుటకు ముందు వాకాడు సీమను తడుపుచు పోవును. ఇటు వరిపొలములు, అటు తూపిలిపాళెము వంటి పల్లెల కడలితీరము. 2022 ఏప్రిలు నుండి వాకాడు మండలము తిరుపతి జిల్లాలోనిదైనను, అంతకు ముందు తరతరములుగా అది నెల్లూరు జిల్లాలోనిదే. దీనికి చేరువనున్న విద్యానగరులో 1979లో ఇంజనీరింగు కళాశాల వెలసినది. శాస్త్రములకు, కళలకు వేరొక కళాశాలయు అచ్చటనే కలదు. నెల్లూరులో 2008లో విక్రమ సింహపురి విశ్వవిద్యాలయము ఏర్పడినది. తాతలు వేలిముద్ర వేసిన యిండ్లలో మనుమలు, మనుమరాండ్రు నేడు పట్టభద్రులగుచున్నారు. ఇది సంతోషింపదగిన విషయమే.

ఇట్టి యిండ్లలో పట్టప్రదానమునాటి ఛాయాచిత్రము, నల్లని అంగీ తొడిగి చేత కాగితపు చుట్టను పట్టుకొన్న బిడ్డ చిత్రము, దేవుని పటములకు దాపున వ్రేలాడుచుండుట కలదు. ఆ కాగితముకొరకు తల్లి నగలు కుదువబెట్టినది. తండ్రి అర యెకరము అమ్మినాడు. అది వచ్చిన పిమ్మట బిడ్డను బంధువులు చూచు చూపు మారినది, వివాహ ప్రస్తావనలు మారినవి, ఇంటిలో బిడ్డ మాటకు విలువ పెరిగినది. ఇంతటి మార్పును తెచ్చిన కాగితమున వ్రాసియున్నది ఏమి? ఆ కాగితమును ఒకసారి నిదానముగా చదివినవారు అరుదు.

ఫలానా పేరుగల వారు, ఫలానా సంవత్సరము ఫలానా మాసమున జరిగిన పరీక్షలో, ఫలానా తరగతిలో ఉత్తీర్ణులైనందున, వారికి ఈ పట్టము ఈయబడినది: అందున్నది ఇంతియే. వీరు సత్యము పలుకుదురని అందు లేదు. వీరు తెలివిగలవారని లేదు. వీరికి పదిమందిలో మసలుట తెలియునని లేదు. నడవడిని గూర్చి కళాశాల వేరొక కాగితము నిచ్చును. అందు అందరికిని ఒకే మాట వ్రాయుట వాడుక గనుక దానిని ఎవరును చదువరు. ఇక ఉత్తీర్ణతయన్నచో, ఇంటర్మీడియట్టులో నూటికి 35 మార్కులు వచ్చిన చాలును. మిగిలిన 65 పాళ్ళను గూర్చి పత్రము మౌనము వహించును.

మన శాస్త్రకారులు ఇట్టి విషయములలో బహు జాగరూకులు. ప్రమాణమనగా సరియైన జ్ఞానమును కలిగించు సాధనము. ప్రతి ప్రమాణమునకును తన విషయమే తనకు గలదు. కన్ను రూపమునకు ప్రమాణము, శబ్దమునకు కాదు. నాలుక రుచికి ప్రమాణము, రంగునకు కాదు. సాక్షి ఎంత సత్యసంధుడైనను తాను చూచిన దానికే సాక్షి. చూడని దానిని అతనిచే చెప్పింపబూనినచో తప్పు అడిగినవానిదే యగును. పట్టమును గూర్చి లోకములో జరుగుచున్న పొరపాటు ఇచ్చటనే యున్నది. పట్టము అబద్ధమాడుట లేదు. అది చెప్పని మాటను మనము దాని నోట పెట్టుచున్నాము.

ఆంధ్రుడైన అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహము పాఠశాలలలో బాలురకు మొదట చెప్పు తర్కగ్రంథము. పొగను చూచి నిప్పును ఊహించుట అందలి ప్రసిద్ధోదాహరణము. వంటయింటిలో పొగయు నిప్పును కలసియుండుట పలుమారులు చూచినవాడు, కొండమీద పొగను చూచి అచ్చట నిప్పున్నదని నిశ్చయించును. ఇది చెల్లును. దీనిని తిరుగవేసి, నిప్పున్న చోటనెల్ల పొగయుండునని చెప్పినచో చెల్లదు. కొలిమిలో ఎఱ్ఱగా కాలిన యినుపగుండులో నిప్పున్నది, పొగ లేదు. మరి పొగ ఎప్పుడు వచ్చును? నిప్పునకు తడికట్టె తోడైనప్పుడే. ఆ తడికట్టెకు తర్కశాస్త్రములో 'ఉపాధి' యని పేరు. ఒక చిత్రమేమన్నచో, హిందీ భాషలో కళాశాల పట్టమునకు 'ఉపాధి' యనియే పేరు. తెలుగులో ఆ మాటకు జీవనోపాయమని అర్థము. పట్టమెందులకని నేటి బాలునడిగినచో ఉపాధికొరకేయని చెప్పును. మూడు అర్థములును ఒకచోట చేరినవి.

విద్య నిప్పు, పట్టము పొగ. ఈ పోలికను పట్టుకొనినచో పెక్కు చిక్కులు విడిపోవును. మొట్టమొదట తేలునది ఇది: పట్టము లేనంతమాత్రమున విద్య లేదనరాదు. దీనికి దూరదేశపు దృష్టాంతము వెదకనక్కరలేదు. వాకాడు ఏ జిల్లాలో నుండెనో ఆ నెల్లూరు జిల్లా కలెక్టరు ఎదుటనే 1910 చివర ఆ యినుపగుండు వచ్చి నిలిచినది.

కుంభకోణములో శార్ఙ్గపాణిస్వామి సన్నిధి వీథిలో పెరిగిన వైష్ణవ బాలుడు శ్రీనివాస రామానుజన్. 1887లో జన్మించెను. వారి ఇలవేల్పు నామక్కల్ క్షేత్రములో నరసింహస్వామి దేవేరియైన నామగిరి తాయారు. బాల్యమున గణితములో అతనికి ఎదురు లేదు. ఆ పేరుతోనే కుంభకోణము కళాశాలలో విద్యార్థివేతనమును సంపాదించెను. గణితము తప్ప వేరొకటి తలకెక్కని దశ వచ్చెను. ఇంగ్లీషులో తప్పెను, వేతనము పోయెను. 1905లో ఇల్లు విడిచి, ఎవరికిని చెప్పకుండ, మన విశాఖపట్టణమునకు వచ్చెను. తల్లిదండ్రులు ఎంత తల్లడిల్లియుందురో పరీక్షాఫలితముల దినములలో బిడ్డకొరకు వాకిట నిలిచి ఎదురుచూచిన ప్రతి గృహస్థునకును తెలియును. పిమ్మట మద్రాసులో మరల చేరి, నేటి ఇంటర్మీడియట్టు వంటి ఎఫ్.ఏ. పరీక్షలో మరల తప్పెను. విశ్వవిద్యాలయపు లెక్కలో అతని చదువు అంతటితో ముగిసినది. చేతిలో మిగిలినది చిరిగిన అంచుల నోటుపుస్తకము.

ఆ పుస్తకమును చంకబెట్టుకొని ఆశ్రయము కొరకు ఒకరి తరువాత నొకరిని చూచుచు నెల్లూరు చేరెను. అప్పటి నెల్లూరు కలెక్టరు దివాన్ బహదూర్ ఆర్. రామచంద్రరావుగారు గణితమునందు అభిరుచి గలవారు. ఆనాటి సంగతులను వారు తరువాత తమ్ము తామే పరిహసించుకొనుచు వ్రాసియున్నారు. వచ్చినవాడేదో లెక్కలు చెప్పుచున్నాడు, తనకు అర్థమగుట లేదని వారి మేనల్లుడు వచ్చి చెప్పగా, తమ గణితజ్ఞానము మీది నమ్మకముతో, పోనిండని లోనికి రానిచ్చిరట. పొట్టివాడు, లావుపాటివాడు, గడ్డము గీయించుకొననివాడు, బట్టలు అంత శుభ్రము కావు; కన్నులు మాత్రము మెరయుచున్నవి. పుస్తకము తెరచి చెప్పసాగెను. ఇందేదో విశేషమున్నదని రావుగారికి వెంటనే తోచినది. కాని అది సత్యమో ప్రలాపమో తేల్చుటకు తమ జ్ఞానము చాలలేదు. అప్పుడు వారు చేసిన పని గమనింపదగినది. తీర్పు చెప్పలేదు, మరల రమ్మనిరి. రామానుజన్ మరల వచ్చెను. ఈసారి అతడే కలెక్టరుగారి జ్ఞానము ఎంతవరకో అంచనా కట్టి, సులభమైన వానినుండి మొదలిడి, మెట్టుమెట్టుగా ఎక్కించుకొనిపోయెను. చివరకు రావుగారు లోబడిరి. ఏమి కావలెనని యడిగిరి. పరిశోధన సాగించుకొనుటకు తిండికి చాలినంత చాలునని అతడు చెప్పెను. అట్టివానిని నెల్లూరు వంటి మారుమూల యూరిలో ఉంచుట అన్యాయమని తలచి, తిరిగి మద్రాసునకు పంపి, నెలకు ఇరువదియైదు రూపాయలు తమ చేతినుండి ఇచ్చుచుండిరి.

నెల్లూరువారికి ఇందు కొంచెము నొచ్చుకోవలసిన మాట యున్నను, ఒప్పుకొనవలసిన మాట అంతకంటె పెద్దది. ఇచ్చట పరీక్షించినవాడు పట్టము ఎక్కడనని యడుగలేదు. తనకు తెలియని చోట తెలియదని ఊరకుండెను. వినుటకు రెండవమారు తీరిక చేసికొనెను. నిప్పు ఉన్నదో లేదో తెలిసికొనుటకు పొగకొరకు చూడక, చేయి దగ్గరగా పెట్టి చూచెను. ఈ పని కష్టము, కాలము పట్టును, పరీక్షించువానికి కూడ కొంత విద్య ఉండవలయును. లోకము కాగితమును చూచి తృప్తి పడుటకు కారణము సోమరితనము మాత్రమే కాదు, ఈ కష్టమును అందరును అన్నివేళల పడలేకపోవుటయే.

తరువాతి కథ అందరెరిగినదే. 1912లో మద్రాసు రేవుకార్యాలయములో నెలకు ముప్పది రూపాయల గుమాస్తా కొలువు. 1913 జనవరిలో కేంబ్రిడ్జిలోని హార్డీ పండితునకు లేఖ. అదే సంవత్సరమున మద్రాసు విశ్వవిద్యాలయము, నియమముల ప్రకారము ఉండవలసిన పట్టము లేకున్నను, నెలకు 75 రూపాయల పరిశోధన వేతనమును రెండేండ్లకు మంజూరు చేసెను. తాను రెండుమారులు తప్పినవాడని తీర్మానించిన విద్యాపీఠమే తన నిబంధనను సడలించుకొనుట ఆ పీఠమునకు గౌరవము. 1914లో సీమకు ప్రయాణము. 1916లో కేంబ్రిడ్జి వారు పరిశోధనకుగాను బి.ఏ. పట్టమును ఇచ్చిరి, 1918లో రాయల్ సొసైటీ సభ్యత్వము, 1920లో పరమపదము. తన సూత్రములను నామగిరి తాయారు అనుగ్రహముగా అతడు చెప్పుకొనెడివాడు. 1916 నాటి బి.ఏ. పట్టము ఆ విద్యకు ఒక్క సూత్రమునైనను చేర్చలేదు. నిప్పు మండిన పిమ్మట ఎవరో వచ్చి పొగ పెట్టినట్లయినది.

తెలుగునాట సాహిత్యమున ఇట్టిదే జరిగినది. చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారు ఇంగ్లీషు చదువుల పట్టములు లేకయే బందరు హిందూ ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయులైరి. ఆయన వద్ద చదువుకొన్న విశ్వనాథ సత్యనారాయణగారు తరువాత ఎం.ఏ. పట్టభద్రులై, 1970వ సంవత్సరమునకు జ్ఞానపీఠ పురస్కారము నందిరి. గురువునకు లేని పట్టము శిష్యునకు కలదు. శిష్యుని పట్టము గురువు విద్యకు సాక్ష్యము కాకపోయెనా?

ఇంతమాత్రము చూచి పట్టములు వ్యర్థములని కొందరు పెద్దలు సభలలో పలుకుచుందురు. అట్లు పలుకువారు తమ మనుమలను కళాశాలకు పంపుట మానరు. వారి మాట న్యాయము కాదు. ఈ దేశములో పట్టముల పుట్టుకను కొంచెము తెలిసికొనవలయును. కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయములు 1857లో లండను విశ్వవిద్యాలయము పద్ధతిలో ఏర్పడినవి. మొదటి దశాబ్దములలో అవి పాఠములు చెప్పలేదు. కళాశాలలలో చదివినవారికి పరీక్ష పెట్టి పట్టమిచ్చుటయే వాని పని. పాఠశాలలో పాఠము చెప్పిన గురువే శిష్యుని యోగ్యతను నిర్ణయించును. ఇచ్చట చెప్పినవాడొకడు, పరీక్షించువాడు వేరొకడు. బి.ఏ. పరీక్షకు పోయి తప్పినవారు సైతము ఆ సంగతిని తమ పేరు వెనుక వ్రాసికొన్న కాలమొకటి యుండెను. నవ్వుకొనవచ్చును గాని, పరీక్ష దాకా చదివితిమని చెప్పుకొనుటలో వారికి కొంత ధర్మమే యున్నది.

చెప్పినవాడును పరీక్షించినవాడును వేరగుటలో నష్టమున్నది, లాభమును ఉన్నది. గురువు శిష్యుని ఎరుగును. కనుక అతని తీర్పు లోతైనది. కాని గురువునకు పక్షపాతముండవచ్చును. గురువు ఎవనిని చేర్చుకొనడో వానికి దారియే లేదు. పరీక్షాపత్రము మీద పేరుండదు, సంఖ్య యుండును. తూపిలిపాళెము వలకాని కూతురును, పెద్ద భూస్వామి కుమారుడును అచ్చట రెండు సంఖ్యలు. దిద్దువానికి కులము తెలియదు, ఇల్లు తెలియదు. తెలియని యూరిలో, ఎరుగని అధికారి ముందు, సిఫారసు చెప్పువారెవరును లేని బిడ్డ నిలువవలసివచ్చినప్పుడు ఆ కాగితము ఆమె పక్షమున నిలిచి మాటాడును. రామచంద్రరావుగారి వంటి కలెక్టరు ప్రతి రామానుజన్‌కు దొరకడు. వంద యుద్యోగములకు లక్షమంది వచ్చినచోట ప్రతివాని నోటుపుస్తకమును విప్పించి వినుట ఎవరి తరము? కనుక పొగను చూచి కొండవైపు నడచుటలో తప్పు లేదు. నడచి పోయి నిప్పును చూడక, పొగవద్దనే ఆగిపోవుట తప్పు.

పొగవలె కనబడునదెల్ల పొగ కాదనుట మరియొక సంగతి. దూరమున లేచిన దుమ్మును, మంచును చూచి పొగయని భ్రమించుట కలదని తార్కికులు హెచ్చరించిరి. 1956 నాటి యు.జి.సి. చట్టము ప్రకారము పట్టములిచ్చు అధికారము చట్టముచే ఏర్పడిన విశ్వవిద్యాలయములకును, ఆ హోదా పొందిన సంస్థలకును, పార్లమెంటు ప్రత్యేకముగా అధికారమిచ్చిన సంస్థలకును మాత్రమే కలదు. అయినను దొంగపట్టములమ్మువారు, కొనువారు లేకపోలేదు. బోర్డు కట్టి కూర్చున్న నకిలీ విశ్వవిద్యాలయముల పట్టికను యు.జి.సి. వారే ప్రకటించుచున్నారు. నేడు డిజిలాకర్ వంటి ఏర్పాటుల వలన పత్రము నిజమో కాదో తెలిసికొనుట సులభమైనది. పత్రము నిజమైనంతలో పట్టుకొన్నవాని విద్య నిజమగునా యన్నది మాత్రము ఏ యంత్రమును చెప్పలేదు.

దుమ్మును పొగయని భ్రమించుటకంటె, ఉన్న పొగను లేదనుట క్రూరమైనది. 2019 ఏప్రిలులో తెలంగాణలో ఇంటర్మీడియట్టు ఫలితములు వెలువడిన పిమ్మట ఇరువదిమందికి పైగా బాలబాలికలు ప్రాణములు తీసికొనిరి. తప్పినవారి జవాబుపత్రములను మరల పరిశీలింపగా వేయిమందికి పైగా ఉత్తీర్ణులని తేలిరి. తెలుగులో సున్న వచ్చినదని చెప్పబడిన ఒక విద్యార్థినికి వచ్చినవి నిజమునకు 99 మార్కులు. అంకెలు తప్పు వ్రాసిన చేతిని దిద్దవచ్చును. వానిని నమ్మి పోయిన ప్రాణమును తేలేము. మార్కులు సరిగానే వేసినారనుకొందము, తక్కువయే వచ్చినవనుకొందము. అప్పుడు మాత్రము ఆ కాగితము చెప్పినదేమి? ఆ దినమున, ఆ ప్రశ్నలకు, మూడు గంటలలో, ఈ బిడ్డ వ్రాసినది ఇంత యని. ఆ కాగితమున ఇంతకుమించి ఒక్క అక్షరము లేనప్పుడు, లేని అక్షరములను ఆ బిడ్డకు చదివి వినిపించినవారెవరు? ఇరుగుపొరుగు, చుట్టపక్కాలు, కొండొకచో కన్నవారు. మార్కుల పత్రము వచ్చిన పూట ఇంటిలో పెద్దల నోట వచ్చు మొదటి మాట ఏది కావలెనో ముందుగనే నిశ్చయించుకొనుట గృహస్థునకు విధి. కోపము వచ్చినచో గుడికి పోయి రెండు ప్రదక్షిణములు చేసి వచ్చి మాటాడినను నష్టము లేదు.

పొగ నిప్పున్నదని చెప్పును. ఏ నిప్పో చెప్పదు. హోమాగ్నికిని పొగయే, కొంప కాలినను పొగయే. విద్య గలదని ఒప్పుకొన్న తరువాత, ఆ విద్య ఎట్టిది, ఎటు పోవును అను ప్రశ్న మిగులును. ప్రహ్లాదుని కథలో ఈ ప్రశ్న సూటిగా వచ్చినది. శుక్రాచార్యుని కుమారులగు చండామార్కులు వానికి గురువులు. కొంతకాలమునకు హిరణ్యకశిపుడు కుమారుని తొడమీద కూర్చుండబెట్టుకొని, నేర్చినదానిలో మంచి మాట యొకటి చెప్పుమని యడిగెను. నేటి మాటలో మౌఖిక పరీక్ష. బాలుడు పాఠ్యక్రమములో లేని సమాధానము చెప్పెను. శ్రీహరిని ఆశ్రయించుటయే మంచి యనెను. రాజు మండిపడగా గురువులు, ఇది మేము చెప్పినది కాదు, ఇతరులెవరును చెప్పినది కాదు, వీనికి పుట్టుకతో వచ్చినది అని చేతులు కడిగికొనిరి. కథ వినువారు గురువుల పిరికితనమును చూచి నవ్వుదురు. కాని వారు పలికినది సత్యము. తాము నేర్పని దానికి తాము పూచీ పడలేమనిరి. మనిషిలోని మేలిమి పాఠ్యక్రమమునుండి వచ్చినది కాదని విద్యాపీఠమే ఒప్పుకొన్న సందర్భము పురాణములలో ఇంతకంటె స్పష్టముగా లేదు. ఆ పరీక్షలో ప్రహ్లాదుడు తప్పినట్లే లెక్క.

ఛాందోగ్యోపనిషత్తులో దీనికి ఎదురుగా నిలుచు కథ యున్నది. ఉద్దాలక ఆరుణి తన కుమారుడగు శ్వేతకేతును పండ్రెండవ యేట గురుకులమునకు పంపెను. ఇరువదినాల్గవ యేట వేదములన్నియు ముగించుకొని, తల యెగురవేయుచు, మాట బిగించి ఇంటికి వచ్చెను. పట్టము పొందిన కుమారుడు! తండ్రి విందు చేయలేదు, వీథిలో చాటలేదు. కుమారుని నడకను చూచెను. దేనిని తెలిసికొన్నచో విననిది కూడ విన్నట్లగునో, ఆ యుపదేశమును గురువులను అడిగితివా యని ప్రశ్నించెను. శ్వేతకేతువు, అది మా గురువులకే తెలియదేమో, తెలిసినచో చెప్పకుందురా యనెను. ఆ మాటలో ఇంకను బిగువు మిగిలియున్నది. అయినను, మీరే చెప్పుడని వెంటనే అడిగెను గనుక, ఆ తండ్రి మఱ్ఱివిత్తు పగులగొట్టించియు, ఉప్పు నీటిలో కలిపించియు పాఠము మొదలిడెను. అదే యుపనిషత్తులో నారదుడు సనత్కుమారుని వద్దకు వచ్చి, తాను చదివిన శాస్త్రముల పట్టికనంతయు చదివి, ఇన్ని చదివియు శోకము దాటలేకున్నానని తానే చెప్పుకొనెను. శ్వేతకేతువు నోట రానిది నారదుని నోట వచ్చినది. ఇద్దరి చదువును పెద్దదే.

శ్రీవైష్ణవ గురుపరంపరలో పట్టప్రదానము వంటి ఘట్టమొకటి కలదు. నంజీయరు తిరువాయ్‌మొళికి తొమ్మిదివేల గ్రంథముల వ్యాఖ్యానము రచించి, దానికి శుద్ధప్రతి వ్రాయుటకు వరదరాజుడను యువకునకు అప్పగించిరి. ముందుగా వానికి ఆ వ్యాఖ్యానమునంతయు ఒకమారు పాఠము చెప్పిరి. వరదరాజుడు తాళపత్రముల మూటతో స్వగ్రామమునకు పోవుచు కావేరిని దాటవలసివచ్చెను. వరద పెరిగెను. మూటను తలకు కట్టుకొని యీదుచుండగా ప్రవాహము దానిని లాగుకొనిపోయెను. ఉన్న ప్రతి అదియొక్కటే. ఒడ్డు చేరి, గురువు చెప్పిన పాఠమును స్మరించుకొని, మొదటినుండి చివరివరకు తిరిగి వ్రాసెను. కొన్ని తావుల తనకు స్ఫురించిన విశేషార్థములును అందు చేరెను. ప్రతిని చూచిన నంజీయరు, తాము వ్రాయని అర్థములుండుట గమనించి, ఇదేమని యడిగిరి. వరదరాజుడు జరిగినది జరిగినట్లు చెప్పెను. ఆచార్యులు కౌగిలించుకొని 'నంపిళ్ళై' యని పిలిచిరి. మన పిల్లవాడని దాని అర్థము. నాటినుండి ఆ మహనీయునకు అదే పేరు నిలిచినది.

ఆ పేరు దేనికి ప్రమాణము? ధారణకు ప్రమాణము, గురువు మాటను మించక పెంచగల ప్రతిభకు ప్రమాణము, అన్నిటికి మించి, మూట పోయినదని దాచక చెప్పిన నోటికి ప్రమాణము. ఈ మూడింటిని ఒక్కసారి చూచినవాడు ఇచ్చిన పట్టమది. ఏ విశ్వవిద్యాలయమునకును ఇట్టి పట్టమిచ్చు అవకాశము లేదు; అందుకు దానిని నిందింపరాదు. కానిచో, కావేరిలో మూట పోయిననాడు ఈ బిడ్డ ఏమి చేయును అను ప్రశ్నకు సమాధానము తెలియవలసినవారు, ఆ కాగితమును చూచి తెలిసికొంటిమనుకొనరాదు. వివాహ సంబంధములు చూచువారికి ఈ మాట ముఖ్యముగా చెప్పవలసియున్నది. పూర్వము వరుని గూర్చి పది ప్రశ్నలడిగెడివారు. పెద్దలయెడ ఎట్లుండును, పనివాండ్రను ఎట్లు పిలుచును, అప్పు తెచ్చినచో చెప్పిన దినమున తీర్చునా, కోపము వచ్చినచో ఎంతసేపుండును అని. నేడు బి.టెక్. అనగానే తొమ్మిది ప్రశ్నలు మాయమగుచున్నవి. పదియవది జీతము.

వాకాడు తీరమున పడవ తోలు పెద్దలలో పెక్కుమంది బడి మెట్టు ఎక్కినవారు కారు. గాలి మళ్ళుటను, నీటి రంగు మారుటను చూచి, ఈ దినము పోవచ్చునా పోరాదా యని వారు చెప్పుదురు. ఆ మాట మీద పడవలోని వారందరి ప్రాణములు ఆధారపడియుండును. వారి జ్ఞానమునకు పత్రమిచ్చువారు లేరు. తిరిగి ఒడ్డున పడిన పడవయే పత్రము. అట్టి తాతకు ఎదురుగా కూర్చుండి, చేత పట్టము గల మనుమడు, నీకేమి తెలియునని యనుట ఆ యిండ్లలో వినబడకపోదు. ఆ మనుమని చదువు అసత్యము కాదు. ఇంజనీరింగు చదివినవాడు కట్టిన వంతెన మీదుగానే తాత సంతకు పోవుచున్నాడు. ఒకరి నిప్పును మరియొకరు ఎరుగరు, అంతియే.

పట్టము విషయమున మన ప్రాచీనులు వేరొక మాట గట్టిగా చెప్పిరి. తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లిలో, చదువు ముగించి ఇంటికి పోవు శిష్యునకు గురువు చేయు ఉపదేశము కలదు. సత్యమును పలుకుమని, ధర్మమును ఆచరింపుమని చెప్పిన వెంటనే, చదువునందు ఏమరుపాటు పొందకుమని చెప్పుచున్నాడు. చదువు ముగిసిన దినమున, చదువు మానవద్దని! నేటికిని పెక్కు స్నాతకోత్సవములలో ఈ యుపదేశమును చదువుచుందురు. నల్లని అంగీల ఉక్కలో ఎందరు విందురో తెలియదు.

భగవద్రామానుజులవారికి తిరుపతిలో జరిగిన చదువును తిరుమలయాత్రికులు ఎరుగుదురు. అప్పటికే వారు శ్రీరంగములో ఆచార్యపీఠము నధిష్ఠించినవారు; దేశముననుండి పండితులు వారి పాదములను ఆశ్రయించుచున్నారు. అట్టివారు తమ మేనమామయగు తిరుమలనంబి సన్నిధిని శిష్యులై కూర్చుండి, ఒక సంవత్సరముపాటు శ్రీమద్రామాయణార్థమును విన్నారు. తిరుమలనంబి కొండమీదినుండి దినదినము దిగివచ్చి పాఠము చెప్పెడివారనియు, దానివలన స్వామివారి మధ్యాహ్నారాధనము సేవింపలేకపోతినని చింతింపగా, స్వామి అలిపిరి వద్ద తన శ్రీపాదములను చూపి యనుగ్రహించెననియు పెద్దలు చెప్పుదురు. ఆ యేడాది చదువునకు ఎవరును ఎవరికిని పత్రమీయలేదు. కాలినడకను కొండ యెక్కు యాత్రికులు నేటికిని అలిపిరి పాదాలమండపములో ఆ శ్రీపాదములకు మ్రొక్కి మొదటి మెట్టు మీద అడుగు మోపుచున్నారు.